కూలి ఇచ్చిన తరువాతే ప్రార్థన: కబ్బాలా తొలి పాఠములు

ఈ నెల మిమ్మల్ని గలిలయకు తీసుకొని వెళ్ళాలని ఆశపడుతున్నాను. మనకు బాగా తెలిసిన గలిలయ సముద్రపు ఒడ్డున ఆగకుండా, దాని పైనున్న కొండల్లోకి ఎక్కి వెళ్దాము. అక్కడ దాదాపు 900 మీటర్ల ఎత్తున సఫేద్ అనే పట్టణమున్నది. మనము చూడబోయేది పదహారవ శతాబ్దపు సఫేద్.

ఎందుకు అక్కడికి అంటారేమో. మీలో చాలామంది "కబ్బాలా" అనే మాట వినే ఉంటారు. చేతికి ఎర్రదారం కట్టుకోవడమనీ, తాయెత్తులనీ, అంకెలతో భవిష్యత్తు చెప్పడమనీ ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట వింటే కొందరికి భయం, కొందరికి అందులో ఏదో రహస్యశక్తి దొరుకుతుందని ఆశ. హెబ్రీ భాషలో కబ్బాలా అంటే "అందుకొన్నది" అని అర్థం. గురువు నోట శిష్యుడు అందుకొన్న బోధ. దేవుని గూర్చి, సృష్టి గూర్చి, మనుష్యుని అంతరంగము గూర్చి యూదులు తరతరాలుగా చేసిన లోతైన ధ్యానానికి ఆ పేరు వచ్చింది. దానిని నేర్చుకొనేవానికి మొదట ఏమి నేర్పించారో తెలియాలంటే సఫేద్‌ను చూడాలి.

ఆ కొండ మీదికి వారు ఎలా వచ్చారు? ఇక్కడ మనము కొంచెం తల దించుకొని వినాలి. 1492 మార్చి 31న స్పెయిను రాజదంపతులు ఫెర్డినాండ్, ఇసబెల్లా ఒక శాసనము చేశారు. బాప్తిస్మము తీసుకోని యూదులందరూ జూలై ఆఖరులోగా దేశము విడిచి పోవాలి. శాసనము చేసినవారు క్రైస్తవ ప్రభువులు. వందల సంవత్సరాలుగా ఆ నేలపై బ్రతికినవారు ఇండ్లను, తోటలను వచ్చిన ధరకు అమ్ముకొని ఓడలెక్కారు. కొందరు పోర్చుగల్‌కు, కొందరు ఉత్తర ఆఫ్రికాకు, కొందరు తురుష్క సామ్రాజ్యానికి చేరారు. 1516లో ఆ ప్రాంతమంతా తురుష్కుల పాలన క్రిందికి వచ్చిన తరువాత అనేకులు సఫేద్‌లో స్థిరపడ్డారు. ఉన్ని బట్టలు నేశారు, రంగులు వేశారు, వ్యాపారము చేశారు. 1577 నాటికి అక్కడ హెబ్రీ ముద్రణాలయము కూడా వెలిసింది.

వారు చేతిలో పట్టుకొని వచ్చిన గ్రంథాలలో ముఖ్యమైనది జోహర్. పదమూడవ శతాబ్దపు చివరలో స్పెయినులో మోషే దె లెయోన్ అనే పండితుని ద్వారా అది వెలుగులోకి వచ్చింది. రెండవ శతాబ్దపు రబ్బీ షిమోను బార్ యోహాయ్ దాని కర్త అని సంప్రదాయము. చాలా భాగము దె లెయోన్, ఆయన చుట్టూ ఉన్నవారి రచనే అని నేటి పండితులు ఎక్కువమంది అంటారు. జోహర్ బోధ ప్రకారం దేవుడు తనంతట తాను మన ఆలోచనకు అందడు. అందుకే ఆయనను "ఏన్ సోఫ్", అంటే అంతము లేనివాడు అన్నారు. ఆయన తన్ను తాను బయలుపరచుకొనే పది విధములున్నాయి. వాటికి సెఫిరోత్ అని పేరు. జ్ఞానము, వివేచన, కృప, న్యాయపు కాఠిన్యము, వాటిని సమన్వయపరచే సౌందర్యము, ఇలా సాగి చివరకు రాజ్యము. పది దేవుళ్ళు అని పొరపాటు పడకండి. దేవుడు ఒక్కడే అన్న మాట మీద వారు ప్రాణం పెట్టేవారు.

ఇది వినడానికి బాగుంది. అయితే దీనితో రేపు ఉదయం నేనేమి చేయాలి? ఆ ప్రశ్నకు సఫేద్‌లో జవాబు వ్రాసినవారు రబ్బీ మోషే కొర్దొవెరో. 1522లో పుట్టి 1570లో చనిపోయారు. పెద్ద పెద్ద గ్రంథములు వ్రాసిన ఆయన, "తోమెర్ దెవోరా" అంటే దెబోరా ఖర్జూర వృక్షము అనే చిన్న పుస్తకము కూడా వ్రాశారు. దేవుని స్వరూపములో చేయబడిన మనుష్యుడు దేవుని క్రియలను అనుకరించాలి, లేకపోతే ఆ స్వరూపమునకు అర్థమేమిటి అన్నది ఆయన వాదము. మీకా గ్రంథము ఏడవ అధ్యాయపు చివరి మూడు వచనములను తీసుకొని, అందులోని కనికరపు గుణములను ఒక్కొక్కటే విప్పి చూపించారు.

మొదటి గుణమే చూడండి. మనుష్యుడు పాపము చేయుటకు చెయ్యి ఎత్తుతాడు. ఆ చేతికి ఆ క్షణములో బలమిచ్చేది ఎవరు? దేవుడే. ఇయ్యకుండా ఆపవచ్చు. బలిపీఠము దగ్గర యరొబాము చెయ్యి ఎండిపోయిన సంగతి మనకు తెలుసు. అలా అందరికీ చేయగలడు. కానీ చేయడు. తనను అవమానపరచే చేతికే ఊపిరి పోస్తూ ఓర్చుకుంటాడు. కాబట్టి నీవు మేలు చేసినవాడు, నీ అన్నము తింటూనే నిన్ను అవమానించినా, నీవు చేసే మేలు ఆపవద్దు అంటారు కొర్దొవెరో. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు కూర్చున్నాను. సెఫిరోత్ పటము గీయడము ఒక గంటలో నేర్చుకోవచ్చు. ఈ ఒక్క పాఠానికి జీవితకాలము చాలుతుందా?

తరువాతి అధ్యాయములో ఆయన ముఖములోని ఒక్కొక్క అవయవమునకు పని చెబుతారు. నుదుట కాఠిన్యముండకూడదు. చెవి మంచిని వినుటకే తెరిచి ఉండాలి, కొండెములు లోపలికి పోకూడదు. ముక్కున కోపపు సెగ రాకూడదు. ఇంటికి వచ్చినవానిని ముఖము వెలుగుతూ చేర్చుకోవాలి. అన్నిటికంటె ఉన్నతమైన "కిరీటము" అనే సెఫిరాను గూర్చిన అధ్యాయములో ఈ మాటలున్నాయి. అత్యున్నతమైన దానిని అందుకొనే దారి ఇంటి గుమ్మము దగ్గర మొదలవుతుందన్నమాట.

కొర్దొవెరో చనిపోయిన సంవత్సరమే, 1570లో, రబ్బీ ఇస్సాకు లూరియా ఐగుప్తు నుండి సఫేద్‌కు వచ్చారు. 1534లో యెరూషలేములో జననం. తండ్రి చనిపోతే ఐగుప్తులో మేనమామ దగ్గర పెరిగారు. ఆయన మిరియాల వ్యాపారము చేసిన పత్రములు నేటికీ ఉన్నాయి. అంటే లెక్కలు తెలిసిన మనిషి. సఫేద్‌లో బ్రతికింది రెండేళ్ళు మాత్రమే. 1572లో తెగులు వచ్చి 38వ ఏట కన్నుమూశారు. స్వయంగా వ్రాసింది చాలా తక్కువ. శిష్యుడు హయ్యీమ్ వీటల్ వ్రాసి పెట్టకపోతే మనకు తెలిసేది కొంచెమే.

లూరియా బోధలో మూడు మాటలు ముఖ్యము. మొదటిది సిమ్‌సుమ్, అంటే ముడుచుకొనుట. అంతటా నిండియున్న దేవుడు లోకమునకు చోటిచ్చుటకు తన్ను తాను ముడుచుకొన్నాడు. రెండవది పాత్రలు పగులుట. దైవకాంతిని పట్టి ఉంచవలసిన పాత్రలు ఆ వెలుగును తట్టుకోలేక బ్రద్దలయ్యాయి. కాంతి రవ్వలు పెంకులతో పాటు లోకమంతటా పడిపోయాయి. మూడవది తిక్కూన్, సరిచేయుట. ప్రతి ప్రార్థన, ప్రతి మంచిక్రియ ఎక్కడో ఒక రవ్వను పెంకులో నుండి విడిపించి దాని స్థానములోనికి ఎత్తుతుంది.

ఇల్లు పోయి, దేశము పోయి, చెదరిపోయిన ప్రజలకు ఈ బోధ ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. వారి ప్రవాసము కేవలము శిక్షగా మిగలలేదు. చెదరిన చోటనే చేయవలసిన పని ఉన్నది. నేయువాడు మగ్గము దగ్గర, తల్లి వంటింటిలో ఆ పనిలో పాలివారే. రక్షణ కృపచేతనే అని నమ్మే మనకు, మానవ క్రియ లోకమును సరిచేయుటకు తోడ్పడుతుందన్న వారి బోధకు తేడా ఉన్నది. ఆ తేడాను దాచనవసరము లేదు. తేడా ఉన్నంత మాత్రాన వినకుండా పోనవసరమూ లేదు.

తిక్కూన్ తనతోనే మొదలు కావాలి. వీటల్ ఒక సంగతి దాచకుండా వ్రాసుకొన్నారు. ఆయన తన తమ్మునికి చదువు చెబుతుండేవారు. వాడు చెప్పినట్టు నేర్చుకోకపోతే కోపపడ్డారు. చదువు కోసమే కదా, మంచికే కదా అనుకొంటాము. లూరియా మాత్రము దానికీ గద్దించారు. మిగిలిన పాపములు ఒక్కొక్క అవయవమును చెరుపుతాయి, కోపము ఆత్మనంతటినీ చెరుపుతుందని ఆయన బోధ. పిల్లలకు చదువు చెప్పే తలిదండ్రులారా, నాకైతే ఈ మాట గట్టిగానే తగిలింది.

ఇంకొకటి. కూలివాని జీతము విషయములో లూరియా బహు జాగ్రత్త. డబ్బు చేతిలో లేనప్పుడు, కూలి చెల్లించేవరకు సాయంకాల ప్రార్థనను ఆలస్యము చేసిన దినములున్నాయి. ప్రొద్దు క్రుంకకముందే కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24లో మనమూ చదువుతాము. పరలోక రహస్యములు చెప్పే గురువు, పనివాడు ఇంటికి వెళ్ళేవరకు దేవుని ఎదుట నిలువలేకపోయారు.

ఈ కొస వదిలేసి రహస్యములను మాత్రమే పట్టుకొంటే ఏమి జరుగుతుందో కూడా చరిత్ర చూపించింది. స్ముర్న పట్టణములో 1626లో పుట్టిన షబ్బతాయ్ జ్వీ అనే వానిని 1665లో గాజాకు చెందిన నాతాను మెస్సీయ అని ప్రకటించాడు. లూరియా మాటలనే వాడుకొన్నారు. తిక్కూన్ పూర్తి కావచ్చింది, ఇక విడుదలే అన్నారు. యూరోపు అంతటా జనులు ప్రయాణమునకు సిద్ధపడ్డారు. హామెల్న్‌కు చెందిన గ్లూకెల్ అనే స్త్రీ తన జ్ఞాపకాలలో వ్రాసింది: ఆమె మామగారు బట్టలతోను, బఠాణీలు, చిక్కుళ్ళు, ఎండుమాంసముతోను పీపాలు నింపి హాంబర్గ్‌కు పంపారట, పిలుపు రాగానే ఓడ ఎక్కుటకు. 1666 సెప్టెంబరులో షబ్బతాయ్ సుల్తాను ఎదుట ఇస్లాము స్వీకరించాడు. పీపాలు అక్కడే ఉండిపోయాయి. కొందరు అనుచరులైతే, పాపములోకి దిగితేనే అక్కడి రవ్వలు విడుదల అవుతాయని బోధించే వరకు వెళ్ళారు. తమ్మునిపై కోపమునే గద్దించిన గురువు మాటలు ఎక్కడికి చేరాయో చూడండి.

ఆ గాయము తరువాత పెద్దలు కంచె వేశారు. 1756లో బ్రోదీ పట్టణపు రబ్బీలు, 30 ఏళ్ళు నిండనివాడు జోహర్, 40 నిండనివాడు లూరియా రచనలు చదువకూడదని కట్టడ చేశారు. ఇరువదవ శతాబ్దములో యెహూదా అష్లాగ్ (1885–1954) జోహర్‌ను హెబ్రీలోకి మార్చి, "నిచ్చెన" అనే పేరుతో వ్యాఖ్యానము వ్రాసి, ఆ తలుపును సామాన్యులకు మళ్ళీ తెరిచారు. తన కొరకే అందుకోవాలనే కోరికను, ఇచ్చుట కొరకు అందుకొనే కోరికగా మార్చుకొనుటయే దిద్దుబాటు అని ఆయన బోధ సారాంశము.

లూరియా తన శిష్యులకు ఒక అలవాటు నేర్పారు. ఉదయము ప్రార్థనకు నోరు తెరువకముందు, పొరుగువానిని ప్రేమించమనే లేవీయకాండము 19లోని ఆజ్ఞను నేడు నేను స్వీకరించుచున్నాను అని ప్రతివాడు చెప్పుకోవాలి. ఆ మాట చెప్పిన తరువాతే ప్రార్థన. నేటికీ అనేక యూదుల ప్రార్థన పుస్తకములలో ఉదయ ప్రార్థనకు ముందు ఆ వాక్యము అచ్చు అవుతూనే ఉన్నది.