బొమ్మ నుండి వాక్యానికి: ఆంగ్ల రచనా బోధనలో చిత్రాల చరిత్ర

గన్నవరానికి దక్షిణాన, కంకిపాడు మండలంలోని పునాదిపాడులో 2020 అక్టోబరు 8న జగనన్న విద్యాకానుక పథకం ప్రారంభమైంది. ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు గల ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఆ విద్యాసంవత్సరంలోనే ప్రభుత్వ పాఠశాలలకు వచ్చాయి. తరువాతి కాలంలో చిన్న తరగతులకు బొమ్మల నిఘంటువు కూడా చేరింది. మాధ్యమ వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. కాని, బొమ్మకు పేరు చెప్పగలిగిన పిల్లవాడు దానిపై ఆంగ్లంలో ఒక వాక్యమెలా రాస్తాడన్న ప్రశ్నకు ఆ వివాదంలో తగిన చోటు దక్కలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నను చారిత్రకంగా పరిశీలిస్తుంది.

పిల్లల సచిత్ర పాఠ్యగ్రంథాలకు ఆద్యంగా చెప్పే కొమీనియస్ 'ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్' 1658లో నూరెంబర్గులో వెలువడింది. లాటిన్ పక్కన జర్మన్; పైన బొమ్మ, బొమ్మలోని వస్తువులకు అంకెలు. ఆ అంకెలు విడి పదాలకు కాక, వాక్యాలలోని పదాలకు వేసినవి కావడం గమనార్హం. మాతృభాషను పక్కనే ఉంచిన ఆ ఏర్పాటు మన ద్విభాషా పుస్తకంలో మళ్లీ కనిపిస్తుంది. బొమ్మల నిఘంటువులో మాత్రం చిత్రం పేరు దగ్గరే ఆగిపోతుంది.

తెలుగులో అక్షరాభ్యాసపు బొమ్మలూ ప్రధానంగా పేర్లకే పరిమితమయ్యాయి. దీనికి భిన్నమైన సాధన పాఠశాల బయట, చందమామ ఫోటో వ్యాఖ్యల పోటీలో కనిపిస్తుంది. రెండు ఫోటోలకు పరస్పర సంబంధం గల రెండు వ్యాఖ్యలు కార్డు మీద రాసి పంపాలి. అది పోటీయే గాని పాఠం కాదు. అయినా చూసినదానికి మాట కూర్చే రచనాభ్యాసం అందులో ఉంది.

పేరుకూ వాక్యానికీ నడుమ దూరం తెలుగు పిల్లలకు మరీ ఎక్కువ. 'ఇది కాలువ' అన్న తెలుగు వాక్యంలో క్రియ లేదు. ఆ అలవాటుతో పిల్లవాడు 'దిస్ కెనాల్' అని రాస్తే అది అజ్ఞానం కాదు, మాతృభాషా వ్యాకరణ ప్రభావం. 'నాట్లు వేస్తున్నారు' అన్నప్పుడు కర్తను క్రియాప్రత్యయమే సూచిస్తుంది; ఆంగ్లంలో కర్తను విడిగా చెప్పక తప్పదు. నామవాచకాల బొమ్మలు ఎన్ని చూపినా ఈ రెండు చిక్కులూ విడవు. పని జరుగుతున్న బొమ్మ కావాలి.

ఎమిలీ కాల్హూన్ 1999లో గ్రంథస్థం చేసిన పద్ధతి ఇక్కడ ఉపకరిస్తుంది. పెద్ద చిత్రాన్ని కాగితం నడుమ అంటించి, పిల్లలు చెప్పిన ప్రతి వస్తువు నుండి గీత గీసి పదం రాస్తారు. ఆ పదాలను వర్గీకరించి, శీర్షికకు, వాక్యాలకు, పేరాకు వెళతారు. స్థానిక పరిసరాల వినియోగం, పిల్లల పనిని తరగతిలో ప్రదర్శించడం 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకపు సూత్రాలలో ఉన్నవే. ఆ పాత సూత్రాలను మనం తొందరగా మరచిపోయామనిపిస్తుంది. ఏలూరు కాలువ గట్టూ, నాట్లు వేస్తున్న చేనూ ఉన్న చిత్రమైతే గన్నవరం పిల్లవాడికి విషయం కొత్త కాదు, భాష ఒక్కటే కొత్త. ముందు తెలుగులో చెప్పించి, 'ఎవరు?' అని అడిగి, ఆ జవాబును ఆంగ్ల వాక్యానికి మొదట నిలపవచ్చు. ఎదుటి పుటలోని తెలుగుకు అనువాదం చూపడం కన్నా పెద్ద పని అప్పుడే దొరుకుతుంది.