ఒకే ఇంజను, రెండు గేర్‌బాక్సులు

మా ఊరు ఆస్పరి. 2018లో బీటెక్ మూడో ఏడాది సెలవుల్లో నేనూ, మా ఫ్రెండూ కలిసి సొంతంగా ఓ స్పోర్ట్స్ కారు కట్టేద్దామనుకున్నాం (నవ్వకండి, ఆ వయసులో మీరూ ఇలాంటిదేదో అనుకునే ఉంటారు). చదరపు పైపులతో ఛాసిస్ వెల్డింగ్ చేయించాం. పాత మారుతి 800 ఇంజను ఒకటి సంపాదించి ఆదోనిలో తెలిసిన షెడ్డుకి తీసుకెళ్తే, మేస్త్రీ రెండు నిమిషాలు చూసి "ఇది అడ్డం ఇంజను గదప్పా, నిలువుగా ఎట్ల పెడ్తారు?" అన్నాడు. మా డిజైన్ రివ్యూ అక్కడితో అయిపోయింది.

మేం కాపీ కొట్టింది ఇంగ్లండు కారుని. కోలిన్ చాప్‌మన్ అనే సివిల్ ఇంజనీరింగ్ కుర్రాడు 1948లో పాత ఆస్టిన్ సెవెన్‌ని విప్పి తన మొదటి కారు కట్టుకున్నాడు. ఆయన కంపెనీయే లోటస్. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ని విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లో బిగించుకునేవాళ్లు, అలా కొంటే అమ్మకం పన్ను ఉండేది కాదు. బిగించే సూచనలు ఇస్తే పన్ను పడుతుందని విప్పే సూచనలు ఇచ్చారట, కొన్నవాడు తిరగేసి చదువుకోవాలి. డాక్యుమెంటేషన్ గురించి ఇంతకంటే మంచి జోకు నేను వినలేదు.

1996లో రాన్ చాంపియన్ 250 పౌండ్లలో అలాంటి కారు కట్టుకోవడం ఎలాగో ఓ పుస్తకం రాశాడు. ఆయన లెక్కంతా పాత ఫోర్డ్ ఎస్కార్ట్ మీద నడుస్తుంది. ఎందుకంటే అందులో ఇంజను నిలువుగా ఉంటుంది, దాని వెనకే గేర్‌బాక్స్, అక్కణ్ణుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్, చివర వెనక యాక్సిల్. ఆ వరస మొత్తాన్ని ఎత్తి కొత్త ఛాసిస్‌లో దించెయ్యొచ్చు.

1983లో వచ్చిన మారుతి 800లో ఆ వరస లేదు. 796 సీసీ ఇంజను అడ్డంగా ఉంటుంది, గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఉండి ముందు చక్రాల్ని తిప్పుతాయి. దాన్ని స్పోర్ట్స్ కారులో వాడాలంటే మొత్తం యూనిట్‌ని సీటు వెనక పెట్టాలి. 1972లో ఫియట్ తన 128 కారు భాగాలతో ఎక్స్1/9ని చేసింది అలాగే. కానీ అప్పుడు గేరు రాడ్డు వెనక దాకా లాగాలి, ముందుచక్రాల హబ్బులు వెనక తిరక్కుండా కట్టెయ్యాలి. మా ఛాసిస్‌లో దానికి చోటే లేదు.

మేస్త్రీయే దారి చెప్పాడు: "ఓమ్ని గేర్‌బాక్స్ తెచ్చుకోండప్పా". 1984లో వచ్చిన ఆ వ్యానులో ఉన్నది ఇదే ఇంజను, కాకపోతే నిలువుగా, ముందు సీట్ల కింద. వెనక చక్రాలకి షాఫ్ట్. అంటే చాంపియన్ వెతికిన వరస మన పాలవ్యానుల్లోనే ఉంది! వేరే ఇంజనుకి వేరే గేర్‌బాక్స్ అతికిస్తే మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి, క్రాంక్‌కీ ఇన్‌పుట్ షాఫ్ట్‌కీ కేంద్రం తప్పితే క్లచ్చు తినేస్తుంది. ఇక్కడ ఆ గొడవ చాలావరకు తప్పేది.

మేం ఓమ్ని వెతుకుతుండగానే 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ని మార్చకూడదని. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద తీర్పది. మాది మార్పు కూడా కాదు, కొత్త బండి. దానికి పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ ప్రోటోటైపుని పరీక్షించాలి. ఆ పద్ధతి ఫ్యాక్టరీల కోసం పెట్టింది. బ్రిటన్‌లోనూ పరీక్ష ఉంది, 1998 నుంచి ఒక్కో బండినీ విడిగా చూసి నంబరిస్తారు. నాకు కోపం పరీక్ష మీద కాదు, ఒక్క బండి కట్టుకున్నవాడికి విడిగా ఓ దారి లేకపోవడం మీద.

హైదరాబాదులో సుధాకర్ యాదవ్ గారు బ్యాటు, బర్గరు, బూటు ఆకారాల్లో ఎన్నో కార్లు సొంతంగా చేశారు. నడిచే బండ్లే అవి, 2010 నుంచి బహదూర్‌పురాలో మ్యూజియంలో ఉన్నాయి.

ఓమ్ని కూడా 2019లోనే ఆగిపోయింది. ఛాసిస్ ఇంకా మా కళ్లంలోనే ఉంది. మా ఫ్రెండు పండక్కి వచ్చినప్పుడల్లా, స్క్రాపులో గేర్‌బాక్స్ ఏమన్నా దొరికిందా అని మేస్త్రీని అడిగి వస్తుంటాడు.