ఆల్వాకేరియా

ఆల్వాకేరియా తెలంగాణలోని ప్రాణహిత-గోదావరి లోయలో, మాలేరి శిలాస్తరాలలో లభించిన చిన్న డైనోసారు. ఇది ట్రయాసిక్ యుగపు చివరి భాగంలో, సుమారు 23 కోట్ల సంవత్సరాల క్రితం జీవించినది. 1987లో శంకర్ ఛటర్జీ దీనిని థెరోపాడుగా వర్ణించి, ఎలిక్ వాకర్ పేరుమీద వాకేరియా అని నామకరణం చేశాడు. ఆ పేరు అప్పటికే వేరొక జలచర ప్రజాతికి ఉన్నందున 1994లో ఆల్వాకేరియాగా మార్చబడినది.

శరీర నిర్మాణం

దవడల ముందుభాగాలు, 28 అసంపూర్ణ వెన్నుపూసలు, తొడ ఎముక, చీలమండ ఎముక లభించాయి. ముందరి పళ్ళు సన్నగా నిటారుగానూ, పక్కపళ్ళు వెనుకకు వంగి ఉంటాయి. పళ్ళ అంచులకు రంపపు గాట్లు లేనందున ఇది సర్వభక్షకమని భావించారు.

వివాదం

ఇవన్నీ ఒకే జంతువు ఎముకలు కావని 2005లో రెమెస్, రౌహుట్ తెలిపారు. వారి ప్రకారం తొడ, చీలమండ ఎముకలే డైనోసారువి. దవడలు వేరొక సరీసృపానివి. అదే నిజమైతే పళ్ళను బట్టి చేసిన ఆహారపు ఊహ ఈ డైనోసారుకు వర్తించదు.