టర్బో కారుకు ఇంజన్ ఆయిల్

టర్బోచార్జర్ ఉన్న ఇంజన్‌లో నూనె కందెనే కాదు, వేడిని మోసుకుపోయే ద్రవం కూడా. ఇంజన్ నుంచి వచ్చే వేడి పొగ తోపుకు టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని ఇరుసు పలుచని నూనె పొర మీదే నిలుస్తుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది కనుక చిక్కటి నూనె పోయాలనిపించడం సహజం. అది సరికాదు. బయట ఎండ ఎంతున్నా ఇంజన్ వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ అదుపులో ఉంచుతాయి. 5డబ్ల్యూ-30 వంటి గ్రేడులో మొదటి అంకె చలిలో నూనె పారే తీరును, రెండోది 100 డిగ్రీల వద్ద చిక్కదనాన్ని చెబుతుంది. కారు మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయాలి.

గ్రేడు కలిసినంత మాత్రాన చాలదు, ప్రమాణమూ కలవాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోలు ఇంజన్లలో తక్కువ వేగంలో ఇంధనం ముందే అంటుకుని పిస్టన్లు పగిలే ప్రమాదం ఉంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ప్రమాణం దాన్ని తగ్గిస్తుంది. పొగ వడపోత ఉన్న బీఎస్-6 డీజిల్ కార్లకు బూడిద తక్కువుండే ఏసీఈఏ సీ2, సీ3 వంటి ప్రమాణాల నూనెలు కావాలి. మసి కాలిపోతుంది గానీ నూనె బూడిద వడపోతలోనే మిగిలి దాన్ని పూడుస్తుంది.

జడ్చర్ల మీదుగా వెళ్లే 44వ, నార్కట్‌పల్లి మీదుగా వెళ్లే 65వ జాతీయ రహదారులపై వేగంగా నడిపి ఆగినప్పుడు ఇంజన్‌ను ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బోలో నూనె మాడదు. దుమ్ము దారుల్లో తిరిగే కార్లకు నూనె గడువుకు ముందే మార్చాలి.