తాటిదోనె నుంచి షికారు పడవ దాకా

ఒక పూటకు పడవ మాట్లాడుకోవడం, తెరచాప ఎత్తి ఇంటిల్లిపాదీ నీళ్ల మీద తిరగడం, నడిమధ్యలో ఆగి ఈత కొట్టడం, కళ్లకు అద్దాలూ నోట్లో గొట్టమూ పెట్టుకుని నీటి అడుగున చేపల్ని చూడటం, భోజనం వేళకు ఒడ్డుకు చేరడం. అండమాన్‌కో మాల్దీవులకో వెళ్లొచ్చినవాళ్లు ఈ ముచ్చట చెబుతుంటే ఏలూరు, తాడేపల్లిగూడెంలలో ఇప్పుడు అందరూ చెవులప్పగించి వింటున్నారు. ఇది తెల్లవాళ్ల వేడుక, మనకు నిన్నమొన్న వచ్చింది అన్న మాట కూడా ఆ వెంటే వినపడుతుంది. ఆ మాట నేను ఒప్పుకోను. నీటి మీద విహారానికి మన కొల్లేటి సీమలో ఉన్న చరిత్ర చాలా పాతది. కాకపోతే అది బతుకు నుంచీ భక్తి నుంచీ విడిపోయి ‘టూరు’గా నిలబడింది మాత్రం ఈమధ్యనే.

పాతదంటే ఎంత పాతది? దండి రాసిన దశకుమారచరిత్ర తెరిస్తే తెలుస్తుంది. అది సుమారు 1300 ఏళ్ల నాటి సంస్కృత వచనకావ్యం. అందులో మంత్రగుప్తుడి కథ ఉంది. ప్రియురాలు కొరికిన పెదవి నొప్పితో ఉన్నాడు కాబట్టి ప, ఫ, బ, భ, మ రాకుండా కథంతా చెబుతాడు. ఆ నిరోష్ఠ్య రచన గురించి పండితులు చాలా చెప్పారు. నాకు మాత్రం అందులోని నీళ్లే ముఖ్యం. కళింగరాజు కర్దనుడు కుటుంబంతో, పురజనంతో సముద్రతీరానికి విహారానికి వెళ్తాడు. అదును చూసి ఆంధ్రరాజు జయసింహుడు పడవల మీద వచ్చి పడి, రాజునూ రాకుమార్తె కనకలేఖనూ ఎత్తుకుపోతాడు. ఆమెను విడిపించడానికి మంత్రగుప్తుడు సన్యాసి వేషంలో ఆంధ్రనగరానికి చేరి, ఊరి చెంత ఉన్న పెద్ద సరస్సు ఒడ్డున మకాం వేస్తాడు. ఈ సరస్సులో రాత్రివేళ స్నానం చేస్తే నీకు కొత్త రూపం వస్తుందని రాజును నమ్మిస్తాడు. జాలరులు వలలు వేసి సరస్సంతా గాలించి, లోపల ఎవరూ లేరని తేలుస్తారు. అప్పటికే మంత్రగుప్తుడు గట్టు కింద తొలిచి ఉంచిన బిలంలో దాక్కుని ఉన్నాడు. రాజు నీళ్లలో దిగగానే అడుగునుంచి వచ్చి అతణ్ణి చంపి, కళేబరాన్ని ఆ బిలంలోనే దాచి, తానే కొత్త రూపు దాల్చిన రాజునంటూ పైకి తేలుతాడు.

ఆ సరస్సు మన కొల్లేరేనని చెప్పిన చరిత్రకారులున్నారు. ఏలూరు పక్కనున్న పెదవేగి నాటి వేంగి. దాని దక్షిణాన కొల్లేరు. కాబట్టి ఆ ఊహ గాలిలోంచి పుట్టింది కాదు. రెండో పులకేశి ఐహోళె శాసనం (క్రీ.శ. 634) కునాళ సరస్సు నీళ్లు యుద్ధంలో చచ్చినవాళ్ల నెత్తురుతో రంగు మారాయని చెబుతుంది. ఆ కునాళం కొల్లేరేనన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఇంకో ముచ్చట. ఆ దండే కావ్యాదర్శంలో మహాకావ్యానికి ఉండాల్సిన వర్ణనలు చెబుతూ ఉద్యాన విహారంతో పాటు జలక్రీడనూ చేర్చాడు. మన ప్రబంధకవులు ఆ నియమాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఇక పడవ షికారునే ఇతివృత్తంగా చేసుకున్న తెలుగు రచన కూడా మనకుంది, త్యాగరాజస్వామి నౌకాచరిత్రం. గోపికలు కృష్ణుణ్ణి ఎక్కించుకుని యమున మీద విహారానికి బయల్దేరతారు. గర్వం తలకెక్కేసరికి గాలివాన వస్తుంది, పడవకు చిల్లు పడుతుంది.

నీటి అడుగున ఊపిరి సంగతి కూడా మనవాళ్ల ఊహకు అందనిది కాదు. దుర్యోధనుడు జలస్తంభన విద్యతో మడుగులో దాగిన ఘట్టం పల్లెల్లో నాటకం చూసిన ప్రతివాడికీ తెలుసు. గ్రీకుదేశంలో అరిస్టాటిల్, ఏనుగు తొండాన్ని వర్ణిస్తూ, మునిగేవాళ్లు గాలి పీల్చుకోవడానికి వాడే సాధనంతో పోల్చాడు. అంటే 2300 ఏళ్ల కిందటే అలాంటి గొట్టం ఏదో వాడుకలో ఉండేది. ఇప్పటి అద్దాలూ గొట్టమూ కాలిరెక్కలూ మాత్రం 1930లలో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో సరదా సామగ్రిగా స్థిరపడ్డాయి. 1943లో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు కలిసి వీపున మోసే గాలిసిలిండరు యంత్రాన్ని రూపొందించారు.

సరదా కోసమే పడవ కట్టించడం డచ్చివాళ్ల అలవాటు. 1660లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు ‘మేరీ’ అనే విహారనౌకను కానుకగా ఇచ్చింది. మరుసటి ఏడే రాజు తన తమ్ముడితో థేమ్స్ నది మీద పందెం వేసి తెరచాప పడవలు నడిపాడు. యాటింగ్ అనే వేడుకకు ఇంగ్లండులో అదే నాంది. ఆ రోజుల్లో డచ్చివాళ్లు మన పక్కనే ఉన్నారు. బందరులో, పాలకొల్లులో వాళ్ల వర్తక స్థావరాలుండేవి. నరసాపురం చెంత మాధవాయిపాలెంలో మనవాళ్లు సముద్రానికి పోయే ఓడలే కట్టేవారు. అంటే పడవ కట్టే పనితనం మనకు ఒకరు వచ్చి నేర్పింది కాదు.

ఇక అసలు వస్తువు దగ్గరికి వద్దాం. కొల్లేటి పడవ అంటే తాటిదోనె. దాన్ని దగ్గరగా చూస్తే ఇంత తక్కువ సరంజామాతో ఇంత తెలివైన పని ఎలా చేశారా అనిపిస్తుంది. బాగా ముదిరిన తాడిచెట్టు మొదలు నేలకు దగ్గరగా కుండలా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు కోసమే చెట్టును ఎంచుతారు. కొట్టేయకుండా చుట్టూ తవ్వి, వేళ్లతో సహా పడగొడతారు. తాడి మానుకు బయటి వరస నల్లగా, గట్టిగా, చేవతో ఉంటుంది. లోపలంతా మెత్తని పీచు. నిలువునా చీల్చి, గొడ్డలితో, బాడిసతో ఆ పీచు తోడేస్తే పలచని గట్టి డొప్ప మిగులుతుంది. ఉబ్బిన మొదలు దోనెకు మూసిన కొస అవుతుంది. రెండో కొస తెరిచి ఉంటుంది కాబట్టి అక్కడ జిగటమన్ను మెత్తి అడ్డుకట్ట కడతారు. మేకు అక్కర్లేదు, తారు అక్కర్లేదు. మన్ను కరిగితే చెరువులోంచే మళ్లీ ఇంత తీసి మెత్తుకోవచ్చు.

ఇందులో కూర్చోవడం మాత్రం అందరివల్లా కాదు. అడుగు గుండ్రం కాబట్టి తల తిప్పినా ఒరుగుతుంది. కొల్లేటి జాలరి అదే దోనెలో నిలబడి ఒక చేత్తో గెడ వేస్తూ రెండో చేత్తో చేపలు పట్టే మావు ఎత్తి చూసుకుంటాడు. ఎక్కువమంది ఎక్కాలన్నా, బరువు వేయాలన్నా రెండు దోనెల్ని పక్కపక్కన పెట్టి అడ్డకర్రలతో కట్టేస్తారు. అది సంగడి. ఇక ఒరగదు. రెండు డొప్పల మీద నిలిచే పడవల్ని ఈనాడు కటమరాన్ అంటూ లక్షలు పోసి కొంటున్నారు. ఆ సూత్రం మన లంకల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కటమరాన్ అన్న పేరు కూడా తమిళ తీరపు కట్టుమరం నుంచి వెళ్లిందే.

దోనె ఎందుకంత అవసరమైందో తెలియాలంటే కొల్లేరు తీరు తెలియాలి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడ్డ మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఎన్నో డ్రెయిన్లు ఇందులో కలుస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వానాకాలం నీళ్లు లంకల్ని చుట్టేస్తాయి, వేసవిలో ఒడ్డులు బయటపడి పొలాలవుతాయి. లోతు చాలాచోట్ల మనిషి నిలువుకు మించదు. కిక్కిస, నాచు, గుర్రపుడెక్క అడ్డం. ఇలాంటి నీళ్లకు అడుగున లోతు అక్కర్లేని పడవ కావాలి, తెడ్డు కన్నా గెడ కావాలి. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక వంటి ఊళ్లలో పిల్లలు బడికి వెళ్లినా, పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లినా, చేపలు ఏలూరు సంతకు వెళ్లినా ఒకప్పుడు దారి ఇదే.

అందరూ కలిసి సరదాగా పడవెక్కే రోజులు కూడా ఉండేవి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారు కొలువై ఉంది, జలదుర్గ అని కూడా కొలుస్తారు. గజపతుల కోట ఉన్న లంక అని స్థలచరిత్ర. ఫాల్గుణమాసంలో పాడ్యమి నుంచి పున్నమి దాకా జాతర, గోకర్ణేశ్వరస్వామితో అమ్మవారి కల్యాణం. బంధువుల్ని పిలుచుకుని, పొంగళ్ల సామాను, వంటపాత్రలు ఎక్కించుకుని పడవ మాట్లాడుకుని వెళ్లడం ఈ సీమలో తరతరాల ఆనవాయితీ. నా లెక్కలో కొల్లేటి షికారు పడవకు తల్లి ఈ తీర్థం పడవే. పూట బాడుగ, సొంత మనుషులు, వెంట తిండి, నీళ్ల మీద నవ్వులు: ఇప్పటి హాఫ్‌డే ప్యాకేజీలో ఉన్నవన్నీ అప్పుడే ఉన్నాయి. అమ్మవారి దర్శనం ఒక్కటే ఇప్పుడు లేనిది.

ఇంతలో కాటన్ దొర కాలువలు వచ్చాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ ఆనకట్ట ఆ వెంటనే. విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే గోదావరి కాలువ, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ ఏలూరులో కలిశాయి. రెండు నదుల పడవలకూ ఏలూరు కూడలి అయింది. కాకినాడలో ఎక్కితే కాలువల వెంబడి బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా పోవచ్చు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే కాలువగట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం. లాకు దగ్గర తలుపులు మూసి నీళ్లు సమం అయ్యేదాకా పడవ ఆగేది. ఆ కాసేపు జనం దిగి గట్టు మీద వంట చేసుకునేవారు, పిల్లలు కాలువలో ఈదేవారు. 1893–96 మధ్య బెజవాడ, కటక్‌లను కలిపే రైలుమార్గం తెరుచుకునేసరికి ఆ ప్రయాణికులు రైలెక్కారు. ధాన్యమూ కలపా మాత్రం మరికొన్ని దశాబ్దాలు కాలువ మీదే నడిచాయి. 2008లో ఈ కాలువల్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. నాకు తెలిసినంతలో ఏలూరు కాలువ మీద తెరచాప మళ్లీ ఎగరలేదు. ఎగరాలని నా కోరిక.

దోనెను చంపింది రైలు కాదు, చెరువుగట్టు. 1970ల నుంచి కొల్లేటి కడుపులో చేపల చెరువులు మొలిచాయి. ఒకప్పుడు ఎటు పడితే అటు గెడ వేసుకుపోయిన మనిషికి ప్రతి పావుమైలుకీ గట్టు అడ్డం వచ్చింది. పక్షులకీ అదే జరిగింది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రవేత్త ఈ ప్రాంతంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనుగొన్నారు. చేపలవేట తీరు మారిపోయాక 1975 ప్రాంతానికి ఆ స్థావరం ఖాళీ అయింది. 1999లో అయిదో కాంటూరు (ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చోటు దక్కింది. 2005–06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు పగలగొట్టారు. దానివల్ల నష్టపోయిన లంకవాసుల గోడు నిజమైనది. సరస్సుకు ఊపిరి కావాలన్నదీ నిజమే. రెండూ పక్కన పెట్టి కొల్లేటి అందం గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

గూడబాతులు తిరిగి వచ్చాయి. కైకలూరు పక్కన ఆటపాకలో అటవీశాఖవాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలిపారు. వాటి మీద గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తున్నాయి. పడవలో దగ్గరగా వెళ్తే పిల్ల తన తలంతా తల్లి గొంతుసంచిలోకి దూర్చి చేప లాక్కోవడం కళ్లారా చూడొచ్చు. ఈ కాలపు కొల్లేటి షికారు పడవ పుట్టింది ఇక్కడే. దర్శనం అమ్మవారి నుంచి పక్షులకు మారింది.

మరి ఈత, అద్దాలు, గొట్టం? కొల్లేరు అందుకు తగదు. బురదనీరు, అడుగున నాచు, పైనుంచి పట్టణాల మురుగు. కాళ్లకు తీగలు చుట్టుకుంటే గజ ఈతగాడూ పైకి రాలేడు. మన సముద్రతీరంలో కూడా కృష్ణా గోదావరులు తెచ్చే ఒండ్రు వల్ల పగడపు దిబ్బలు పెరగవు. విశాఖ రుషికొండ దగ్గర రాతి అడుగున డైవింగ్ నేర్పుతున్నారు. పగడాలే చూడాలంటే అండమాన్, లక్షద్వీప్ వంటి చోట్లకు వెళ్లాల్సిందే. ఒకచోటి వేడుకను ఇంకోచోట అతికించాలని చూడటం కన్నా, ఎక్కడి నీళ్లకు తగ్గది అక్కడ చేయడం మేలు.

అటవీశాఖకూ పర్యాటకశాఖకూ ఒక విన్నపం. తాటిదోనె చెక్కడం తెలిసిన పెద్దవాళ్లు లంకల్లో ఉండగానే వాళ్ల చేత నాలుగు దోనెలు, ఒక సంగడి చేయించండి. ఒకటి ఆటపాక పక్షుల మ్యూజియంలో ఉంచి, తక్కినవి గెడ వేసే లంక కుర్రాళ్ల చేతికివ్వండి. ఆటపాకలో ఒక పూట షికారుకు ఇంజన్ అక్కర్లేదు.

చదివేవారికి ఒక మాట. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో గుర్తుంది కదా. కొల్లేరు లోతు తక్కువని లైఫ్ జాకెట్ వద్దనకండి. అక్టోబర్ నుంచి మార్చి దాకా పక్షుల కాలం. పొద్దున్నే వెళ్లండి, గూళ్ల దగ్గరికి రాగానే సరంగుకు చెప్పి ఇంజన్ ఆపించండి.