మూడు చక్రముల బండి – విజయవాడ దారి

నేను చిరకాలముగా దిల్‌సుఖ్‌నగర్‌లో నివసించుచున్నాను. ఇక్కడినుండి ఎల్బీనగర్ మూడు మైళ్ళైనను లేదు. ఆ కొద్దిపాటి దారిలో నేనెక్కిన ఆటో ఒకనాడు బోల్తాపడినది. ఆ పూట తోలువానిని తిట్టితిని; పిదప బండి పుట్టుపూర్వోత్తరములు విచారింపగా నా కోపము కొంత దారి మళ్ళినది.

యుద్ధమున చితికిన ఇటలీదేశములో పియాజియో కంపెనీవారు 1948లో స్కూటరునకు వెనుక రెండు చక్రములు, ఒక పెట్టె తగిలించి సరకులు మోయు బండిని చేసిరి. తేనెటీగ యని అర్థమిచ్చు 'ఆపె' యని దానికి పేరు. మనదేశమున బజాజ్ వారు 1959లో ఇట్టి బండ్లు చేయుటకు అనుమతి పొందిరి. గంపలకై పుట్టిన బండికి రెక్సిను కప్పు వేసి మనము మనుష్యులను కూర్చుండబెట్టితిమి. గంప కాలు బయట పెట్టదు గదా!

ఇక దారి సంగతి. ఇది విజయవాడకు పోవు జాతీయ రహదారి. పూర్వము 9వ నంబరు, ఇప్పుడు 65. ఎల్బీనగర్ పురపాలకము 2007లో మహానగరమున కలిసినది. కొత్తపేట పండ్ల మార్కెట్టు 2021లో తరలిపోవువరకు లారీలకు కొదువలేదు. 2018 సెప్టెంబరులో మెట్రోరైలు వచ్చినది. రైలు దిగినవారు ఇల్లు చేరవలెనన్న మరల ఆటోయే.

ఆనాడు ముగ్గురు కూర్చుండదగినచోట నలుగురముంటిమి. తోలువాని కిరుప్రక్కల ఒక్కొక్కరు. పాపము, అది అతని సొంతబండి కాదు. నాటి కిరాయి యింకను తేలలేదు. చైతన్యపురి దగ్గర ఎవరో చేయెత్తగా, అతడు బ్రేకు వేయుచునే ఎడమకు మలిపెను. మూడు చక్రములను గీతలతో కలిపినచో త్రికోణమగును. దాని ముందుకొన సన్నము. వడిలో బ్రేకు వేసి మలిపినపుడు బరువు ముందుకును ప్రక్కకును జరిగి ఆ త్రికోణపు అంచు దాటును. ఎడమ చక్రము లేచినది. బండి కుడివైపు ఒరిగినది.

నా దవడ ముందున్న ఇనుపకమ్మికి తగిలి పెదవి చీలినది. తోలువాని రొమ్మునకు హ్యాండిలు గ్రుచ్చుకొన్నది. కుడి అంచున కూర్చున్న పూలమ్మె ప్రక్కకమ్మిని పట్టుకొని యుండెను. చట్రము ఆ చేతిమీదనే పడినది. బండి పడునపుడు గట్టిగా పట్టుకొన్న చేయియే నలుగునని ఆస్పత్రిలో వైద్యుడు నాతో చెప్పెను. ఎముక అతికినది గాని మూడు వ్రేళ్ళు ముడుచుకొనవు.

కొన్ని నెలలకు ఆమె బస్సు డిపో యెదుట కనబడినది. కూతురు పూలు కట్టుచుండగా ఆమె ఎడమచేత మూర కొలుచుచున్నది. "ఎట్లు వచ్చితివమ్మా?" యని యడిగితిని.

"ఆటోలనే సారూ. ఇంకెట్లొస్త? గిప్పుడు నడుమ కూసుంటున్న" అనెను.