ఒక పాట – రెండు ముగింపులు

యుద్ధ వ్యతిరేక గీతాలన్నిటినీ శాంతి గీతాలుగా జమకట్టడం మన విమర్శకు అలవాటైపోయింది. ఏ యుద్ధం, ఎవరు ఎవరి మీద చేసింది అన్న ప్రశ్న వేయకుండా పాటకు అర్థం చెప్పబోతే చివరకు మిగిలేది ఒట్టి జాలి. ఫ్రెంచి రచయిత బోరిస్ వియాన్ 1954లో రాసిన ‘ల దెజెర్తర్’ విషయంలో నేనూ ఆ పొరపాటే చేశాను.

సైన్యంలో చేరమని కాగితాలందుకున్న ఒక మామూలు మనిషి దేశాధ్యక్షుడికి రాసే ఉత్తరం ఆ పాట. పేదవాళ్లను చంపడానికి తాను పుట్టలేదంటాడు. ఊరూరా తిరిగి, యుద్ధానికి పోవద్దని జనానికి చెబుతానంటాడు. నన్ను పట్టుకోవడానికి వచ్చే పోలీసులతో చెప్పండి, నా దగ్గర ఆయుధం ఉండదు, కాల్చుకోవచ్చు అని ముగిస్తాడు. ఇంగ్లీషు అనువాదంలో ఇది చదివి, అహింసా గీతమని ఒక సాహిత్య సభలో గట్టిగానే చెప్పాను.

మొదట వియాన్ రాసిన ముగింపు వేరని తర్వాత తెలిసింది. అందులో అతని దగ్గర తుపాకి ఉంటుంది, కాల్చడమూ వచ్చు. గాయకుడు మూలూజి అభ్యంతరం చెప్పాక వియాన్ దాన్ని మార్చాడు. ఇది తెలిశాక నేను రెండో కొసకు పోయి, మార్పును లొంగుబాటు అన్నాను. అదీ తొందరపాటే.

చరిత్రను చూద్దాం. మూలూజి ఆ పాట పాడింది 1954 మే 7న. సరిగ్గా ఆ రోజే దియన్ బియన్ ఫూలో ఫ్రెంచి సైన్యం వియత్నాం ప్రజాసైన్యం చేతిలో ఓడిపోయింది. అయితే ఇండోచైనాలో పోరాడింది వృత్తి సైనికులూ, వలసల నుంచి తెచ్చిన సైనికులూ. నిర్బంధ సైనిక సేవకు పిలిచిన యువకులను ఫ్రాన్సు అక్కడికి పంపలేదు. అంటే పాటలోని ఉత్తరం రాయవలసినవాడు అప్పటికింకా ఆ యుద్ధంలో లేడు. 1954 నవంబరులో అల్జీరియా తిరుగుబాటు మొదలైంది. 1955, 56లలో సైన్యం మళ్లీ పిలిచిన యువకులు పోబోమని రైళ్లు ఆపారు. పాటకు అసలు గొంతు అప్పుడు దొరికింది. పాలకులకు భయమూ అప్పుడే పుట్టింది. పారిస్ నగర సభ్యుడు పాల్ ఫాబేర్ నిషేధం కోరాడు, రేడియో పాటను మూసేసింది. తన పాట పౌరుల పక్షాన నిలిచిందని వియాన్ బహిరంగ లేఖలో జవాబిచ్చాడు.

నిరాయుధుడి ముగింపు కూడా పాలకవర్గానికి మింగుడు పడలేదన్నది ఇక్కడ గమనించాలి. మొదటి ముగింపు తిరగబడే హక్కును చెబుతుంది. రెండోది, తుపాకి ఎవరి చేతిలో ఉందో చూపిస్తుంది. రెంటినీ కలిపే చదవాలి.

లోపమూ లేకపోలేదు. తన నేల కోసం పోరాడుతున్న వియత్నాం రైతు ఈ పాటలో ‘పేదవాళ్లు’ అన్న ఒక్క మాటలోనే ఉన్నాడు. ఆ మాటను జాలిగా చదివితే అతను బాధితుడు, చరిత్రతో చదివితే విజేత. ఆ తేడా చెప్పవలసినవాడు విమర్శకుడు. ఆనాటి సభలో నేను చెప్పలేకపోయింది అదే.